పడని దెబ్బకు చప్పుడు

మార్చి 11, బుధవారం
ఎఫెక్ట్స్ గది, మధ్యాహ్నం భోజనాల వేళ

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. ఒంట్లోనూ పనిలోనూ నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. మీ అక్క, పాప బాగున్నారు. పాపకు ముందు పన్ను ఊడింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తోంది. నువ్వొచ్చినప్పుడు చూడకుండా తప్పించుకోలేవు, ముందే చెబుతున్నాను.

నీకు రెండంతస్తుల కింద కూర్చుని ఉత్తరం రాయడమేమిటి ఈ మనిషికి అనుకుంటావు. నిన్నటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను. చెప్పు బావా అని నువ్వనగానే నా నోట్లోంచి ఏదో ఒక వెటకారం ఊడిపడుతుంది, నువ్వు పగలబడి నవ్వుతావు, ఎవరో పిలిచారని పెట్టేస్తావు. అసలు సంగతి నా గొంతులోనే ఉండిపోతుంది. మీ అక్కను నాకిచ్చి చేసిన నాటి నుంచీ మనిద్దరికీ ఉన్న రోగమే ఇది. కాగితం మీదైతే నువ్వు నవ్వినా నాకు వినబడదు. అందుకే ఏ చప్పుడు ఎక్కడ పడాలో రాసుకునే ఈ షీట్ల వెనకవైపు రాస్తున్నాను. చేతిరాత బాగాలేదు, సర్దుకో.

సంగతి ఏమిటంటే, ఎల్లుండి శుక్రవారం నీ సినిమాకు మాటలూ చప్పుళ్ళూ కలిపే ఫైనల్ మిక్సింగ్. కళ్ళజోడు సీనుకు దెబ్బ చప్పుడు నేనింకా ఇవ్వలేదు. ఇవ్వలేను కూడా. ఆ షాటు తీసెయ్. సీనంతా తీసెయ్యమనడం లేదు, మీ అక్క మొహం మీదున్న ఆ ఒక్క షాటు. కాళ్ళావేళ్ళా పడుతున్నాడేమిటి బావ అనుకుంటావేమో, అవును, పడుతున్నాను.

నువ్వు తీసింది నీకే చెబుతున్నానని విసుక్కోకు. కాసేపు నా కుర్చీలో కూర్చుని విను.

సీనులో మొగుడు బుగ్గలాయన. ఆ బుగ్గలు చూస్తేనే జనానికి సగం నవ్వొచ్చేస్తుంది, ఇక ఆయన నటించడం మనకు లాభం. నెత్తిమీదికి తోసుకున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంటాడు. పెళ్ళాం, అంటే మీ అక్క, బల్ల దగ్గర కూర్చుని తింటూ దెప్పుతుంటుంది. కళ్ళు కూడా అక్కడే ఎక్కడో పెట్టి మరిచిపోయారేమో చూసుకోండి అంటుంది. కాగితం మీద ఉన్న ప్రకారం ఆయన గొణుక్కుంటూ లోపలికి పోవాలి. మీ అక్కకు తెలిసింది అంతే. కానీ నువ్వు బుగ్గలాయనను పక్కకు తీసుకెళ్ళి వేరే చెప్పావు. ఆ మాట అనగానే దిగ్గున లేచి ఆమె మీదికి చెయ్యెత్తాలి, ఎత్తిన చెయ్యి నెత్తిమీద కళ్ళజోడుకు తగలాలి, సిగ్గుతో తన నుదుటి మీద తనే ఒక్కటి వేసుకోవాలి. కిటికీ అవతల మొక్కలకు నీళ్ళు పోస్తున్న పొరుగావిడ ఆ చప్పుడు మాత్రం విని, దెబ్బ పెళ్ళానికే పడిందనుకుని, నీళ్ళ డబ్బా వదిలేయాలి. సెట్టు మీద ముప్ఫై మందికి ఈ సంగతి తెలుసు, మీ అక్కకు తప్ప. మూడో కెమెరాను అలమర తలుపు సందులో పెట్టి ఆమె మొహం మీదే ఉంచావు.

చెప్పి చేయిస్తే మనిషి నటిస్తాడు, చెప్పకుండా చేస్తే మొహం నిజం మాట్లాడుతుంది అని నువ్వు ఎక్కడ మైకు దొరికితే అక్కడ చెబుతుంటావు. నీ నవ్వుల రహస్యం అదేనని రాయని పత్రిక లేదు. నేనూ గొప్పగా నలుగురికీ చెప్పుకున్నవాణ్ణే, కాదనను.

సోమవారం ప్రివ్యూ గదిలో ఆ షాటు వేశావు. ఎనిమిది మందిమి ఉన్నాం. బుగ్గలాయన చెయ్యి లేచింది. మీ అక్క మొహం ఎడమవైపు తిప్పుకుంది. కుడి మోచెయ్యి చెవి మీదికి వచ్చింది. తల వంగింది. అదే క్షణంలో ఎడమ చెయ్యి బల్ల అంచున ఉన్న స్టీలు గ్లాసును లోపలికి జరిపి, పడకుండా దానిమీద అరచెయ్యి పెట్టింది. ఇదంతా ఒక సెకను లోపలే. రెండు సెకన్ల తరువాత తలెత్తి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, ఇది సినిమా అని గుర్తొచ్చినట్టు నవ్వేసింది.

గదంతా గొల్లుమంది. దెబ్బ తినబోతూ గ్లాసు కాపాడుకుంది చూడండర్రా అని ఎడిటరమ్మ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వేశావు. మూడోసారికి ఆ గ్లాసు జరిగే చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ జరిపించావు. నువ్వు నా తొడమీద చరిచి, చూశావా బావా మా అక్క టైమింగ్, ఎవడైనా నేర్పితే వచ్చేదా ఇది అన్నావు. నేనూ నవ్వాను. అందరి కంటే అర సెకను ఆలస్యంగా నవ్వాను. చప్పుళ్ళతో బతికేవాణ్ణి కదా, ఆ అర సెకను నాకు తెలిసింది. ఇంకెవరూ గమనించలేదు.

ఆ పైన నాకు పని చెప్పావు. నీ మామూలు సినిమా దెబ్బ నాకొద్దు బావా అన్నావు. హీరోలు కొట్టేటప్పుడు వేసే లావుపాటి చప్పుడు పనికిరాదు, పొరుగావిడ నిజంగా నమ్మాలి, ఇంట్లో పడే దెబ్బలా ఉండాలి అన్నావు.

నిన్న పొద్దున్నుంచి ఇదే పని మీద ఉన్నాను. తడి తువాలును తోలు సంచి మీద కొట్టాను. రబ్బరు చెప్పును పిండి ముద్ద మీద కొట్టాను. పాత తోలు జాకెట్టు, అట్ట పెట్టె, చివరికి నా తొడ కూడా అయిపోయింది. ఎర్రగా వాచింది, కావాలంటే వచ్చి చూడు. పదకొండేళ్ళలో ఎంతమంది విలన్ల చెంపలు పగలగొట్టించానో లెక్కలేదు, వానలు కురిపించాను, ఎముకలు విరిచాను, ఒక్కనాడూ ఇలా చేతులెత్తెయ్యలేదు. మైకు గుర్రుమంటోంది. తలుపుకు వేసిన దూదిపట్టీ ఊడి వరండాలో మాటలు లోపలికి వస్తున్నాయి. సంచి చర్మం ఎండిపోయింది. ఇన్ని తంటాలలో దెబ్బ ఎలా వస్తుంది చెప్పు? అయినా ఇంట్లో పడే దెబ్బ ఎలా మోగుతుందో నాకెలా తెలుస్తుంది?

సరే, చప్పుడు సంగతి వదిలెయ్. షాటే బాగాలేదు. ముందు షాటులో గ్లాసు పళ్ళేనికి ఎడమవైపు ఉంది, ఇందులో బల్ల అంచున ఉంది. చూసేవాళ్ళు పట్టేస్తారు. మీ అక్క జుట్టు రేగి ఉంది, మొహం పాలిపోయి ఉంది. నాటకాలు మానేసిన ఇన్నేళ్ళకు మొదటిసారి తెర మీద కనబడుతున్న మనిషిని అలా చూపిస్తావా? చుట్టాలేమనుకుంటారు? పైగా పెళ్ళాం మీద చెయ్యెత్తడం చూసి ఈ రోజుల్లో జనం నవ్వరు. ఎవరో ఒకరు పేచీ పెడతారు. నీ మంచికే చెబుతున్నాను.

ఇవన్నీ చదివి, బావకు చాదస్తం ముదిరింది అంటావు. నిన్న ఫోన్లో జుట్టు సంగతి ఎత్తితే అదే అన్నావు. గ్లాసు సంగతి ఎత్తితే ఎడిటరమ్మకు చెప్పుకో అన్నావు. ఆవిడకు చెబితే, గ్లాసు ఎక్కడుంటే ఏమండీ, నవ్వు అక్కడుంది కదా అంది. గోడకు చెప్పుకున్నట్టయింది నా పని.

అందుకని ఇప్పుడు కోపంగానే అడుగుతున్నాను. ఎవరినడిగి చేశావు ఆ పని? సొంత అక్క. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. ముప్ఫై మంది మధ్య కూర్చోబెట్టి, అందరికీ తెలిసింది ఆమె ఒక్కదానికే తెలియకుండా చేసి, అంత భారీ మనిషిని మీదికి పంపించావు. ఆమె బెదిరితే దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పి నవ్వుకున్నావు. నటన అంటే నీకు గౌరవం ఉంటే ముందే చెప్పి ఉండేవాడివి. ఆమె స్టేజీ ఎక్కి వందమందిని కడుపుబ్బ నవ్వించిన మనిషి, చెప్పినా చేసి చూపించేది. నిజం కావాలి, నిజం కావాలి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతావే, దొరికిన నిజం ఏమిటో ఒక్కసారైనా ఆగి చూశావా నువ్వు?

ఇలా నీమీద ఎగరడం నాకు సులువు. రాసి మళ్ళీ చదువుకుంటే నాకే సిగ్గేసింది. బుగ్గలాయన నయం నీకంటే, నాకంటే కూడా. షాటు అయిపోగానే ఆయన మంచినీళ్ళు పట్టుకొచ్చి, అమ్మా భయపెట్టానా, నాకు ఇష్టం లేకపోయినా డైరెక్టరుగారి మాట కాదనలేకపోయాను అని రెండుసార్లు క్షమాపణ అడిగాడట. మీ అక్కే చెప్పింది. తరువాత, అంత బాగా ఎలా చేశావే అక్కా, ఎక్కడ ప్రాక్టీసు చేశావు అని నువ్వడిగితే, ఇంట్లో మీ బావ దగ్గర శిష్యరికం అందట. ఆ మాటకు లైట్లవాళ్ళు కూడా నవ్వారట. ఇది చెబుతూ నాకు అన్నం వడ్డిస్తోంది. చెప్పడం అయ్యాక ఒక్క క్షణం నా మొహం చూసి, తరువాత పాపను పిలిచింది. నేను కంచంలోంచి తల ఎత్తలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నీకు ద్రోహం చేసినవాణ్ణవుతాను. ఈ మూడు వారాలుగా మీ అక్క వేరే మనిషిలా ఉంది. పెళ్ళయ్యాక నాటకాలు ఎందుకు మానేశావని నువ్వడిగినప్పుడల్లా ఓపిక లేక అనేది కదా. ఇప్పుడు గిన్నెలు కడుగుతూ పాత డైలాగులు చెప్పుకుంటోంది. పాపను ప్రేక్షకురాలిగా కూర్చోబెట్టి, మూడు రకాల ముసలమ్మల్లా దగ్గి చూపిస్తోంది. పాపేమో పన్ను ఊడిన సందులోంచి గాలి వదులుతూ నవ్వుతోంది. రోజూ నేను గడపలో అడుగు పెట్టగానే, నా సీను వచ్చిందా మీ దగ్గరికి, నవ్వొచ్చేలా ఉందా అని అడుగుతోంది. నిజంగా నవ్వారా, ఎంతమంది నవ్వారు, ఎక్కడ నవ్వారు అని అడుగుతోంది. ఇంకా రాలేదని ఒకరోజు, మైకు బాగాలేదని ఒకరోజు చెప్పాను. ఆమె పెట్టుకున్న ఆశను చూడలేక పాప దగ్గరికి పోతున్నాను బావమరిదీ. ఆ షాటు తీసేస్తే ఆమె ఉన్న సీనులో ఏమీ మిగలదు, నాకు తెలియదా? బల్ల దగ్గర కూర్చుని తినే ఎవరో ఒక మనిషిలా అయిపోతుంది. తెలిసీ అడుగుతున్నాను. అంత అవసరం నాది.

పోనీ ఒక పని చెయ్. మళ్ళీ తీద్దాం. రేపు ఒక్క పూట చాలు. బుగ్గలాయనను నేను బతిమాలుతాను, వస్తాడు, ఆయన మంచి మనిషి. అదే బల్ల, అదే గ్లాసు. ఈసారి మీ అక్కకు మొత్తం చెప్పు. చెయ్యి లేస్తుంది, కళ్ళజోడుకు తగులుతుంది, అంతే, ఏమీ జరగదు అని చెప్పు. అప్పుడు ఆమె కళ్ళు పెద్దవి చేస్తుందో, పళ్ళేన్ని అడ్డం పెట్టుకుంటుందో, ఎదురు లేచి నిలబడుతుందో, ఏం చేసినా ఆమె చేసిందవుతుంది. జనం దానికి నవ్వనీ. దానికి నువ్వు కోరిన దెబ్బ, నువ్వు కోరినట్టు, తొలిసారికే ఇస్తాను. ఒట్టు.

ఇది కూడా కుదరదంటే నా పేరు సినిమాలోంచి తీసెయ్, ఇంకొకరితో ఆ దెబ్బ చేయించుకో, జన్మలో నీ పనికి నన్ను పిలవకు. కానీ శుక్రవారం ఆ షాటు ముద్రపడి బయటికి పోతే మాత్రం ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఏ ఊళ్ళో చూసినా, ఏ ఫోన్లో చూసినా అదే మొహం, అదే మోచెయ్యి, దానిమీద నా చేతులతో నేను చేసి పెట్టిన చప్పుడు. పిల్లలు స్కూల్లో ఒకరిమీద ఒకరు చెయ్యెత్తుకుని, అలా తల వంచి, లేని గ్లాసును జరిపి నవ్వుకుంటారు. మా పాప కూడా చేస్తుంది. చేసి, నాకే చూపిస్తుంది. అది నేను ఎలా చూడాలి చెప్పు?

ఇంతకంటే వంగి అడగడం నాకు రాదు. ఈ ఉత్తరం చింపెయ్, నాతో మాట్లాడకు, కానీ అడిగింది మాత్రం చెయ్.

అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. వేళకు తిను, పొద్దస్తమానం టీ నీళ్ళతో కడుపు నింపకు.

ఇట్లు,
నీ మేలు కోరే
బావ

తా.క.: సంతకం పెట్టి, కాగితాలు మడిచి, నీ గది దాకా మెట్లెక్కి, తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. పైన రాసిన కారణాలలో ఒక్కటీ నిజం కాదు. మైకు బాగానే ఉంది. దూదిపట్టీ నేనే పీకాను.

ఇంట్లో పడే దెబ్బ ఎలా మోగుతుందో నాకు తెలుసు. లావుగా ఉండదు. సన్నగా, పొట్టిగా ఉంటుంది, గోడ అవతలికి వినబడదు. నిన్న పదకొండు గంటలకే అది సరిగ్గా వచ్చింది. విన్నాను, చెరిపేశాను. ఆ మోచెయ్యి ఎత్తడం ఎవరైనా నేర్పితే వచ్చేదా అన్నావు. నేను నేర్పాను. నాలుగేళ్ళలో ఆరుసార్లు అని నా లెక్క. మీ అక్క లెక్క వేరే ఉంటుంది. నాకు తాగే అలవాటు లేదని నీకు తెలుసు. ఎందుకు చెయ్యెత్తానో చెబుతూ ఇక్కడ నాలుగు వాక్యాలు రాశాను. కింద అడ్డంగా గీసిన గీతలు అవే, చదవడానికి ప్రయత్నించకు, వాటిలో ఏమీ లేదు. నాటకాలు మానెయ్యమన్నదీ నేనే.

షాటు తీసెయ్యమన్నది ఆమె పరువు కోసం కాదు, నా కోసం. హాలంతా నవ్వుతుంటే ఎక్కడో ఒక్క ఆడమనిషి నవ్వకుండా ఉండిపోతుందని, అది ఏమిటో ఆమెకు తెలిసిపోతుందని భయం. మళ్ళీ తీద్దామన్నదీ ఆ భయంతోనే. ఆ షాటు ఉండాలో పోవాలో నేను చెప్పకూడదు. నువ్వూ చెప్పకూడదు. మీ అక్కను అడుగు. నేను లేని చోట, తలుపు వేసి, మొత్తం చూపించి అడుగు. ఇవాళ పొద్దున ఆమెకు చెప్పి నా బట్టల సంచి తెచ్చుకున్నాను. ఎక్కడికని ఆమె అడగలేదు, ఎన్నాళ్ళని మాత్రం అడిగింది. నువ్వు రమ్మనేదాకా అని ఆమెతో అన్నాను. ఈ గదిలోనే ఉంటాను. తరువాత నన్ను ఏం చేయాలన్నా ఆమె ఇష్టం, నీ ఇష్టం.

దీనితో పాటు ఆ షాటు సౌండు ట్రాకు పంపుతున్నాను. సెట్టు మీద మీరు నవ్విన నవ్వుల కింద మీ అక్క మాట ఒకటి మునిగిపోయి ఉంది. నిన్న సాయంత్రమంతా కూర్చుని ఒక్కొక్క నవ్వూ తీసేశాను. తల వంచినప్పుడు ఆమె పెదవులు కదులుతాయి చూడు, ఊపిరి పీల్చుకుందని నువ్వనుకున్నావు. ఆమె మెడ దగ్గర పెట్టిన చిన్న మైకులో అది పడింది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. మెల్లిగా, పాప లేస్తుంది అంటోంది.

నీ సీనులో పాప లేదు.